మైపాడు నేలలో ఉప్పు: దింపిందెవరు? మోసేదెవరు?

నెల్లూరులో మైపాడుగేటు దగ్గర బస్సెక్కి తూర్పుకు పోతుంటే ఇందుకూరుపేట దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా పెన్నా నీళ్ళతో పండే కయ్యలు కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు పోతే కయ్యల మధ్య రొయ్యలగుంటలు, గుంటల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, వాటి పక్కనే ఏ పంటా లేకుండా పడివున్న బీళ్ళు వస్తాయి. ఆ తరువాత బకింగ్‌హాం కాల్వ, ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు, చివరకు సముద్రం. నేలను ఎట్లా వాడితే అది ఎట్లా తయారవుతుందో తెలుసుకొనేందుకు పుస్తకం అక్కరలేదు. ఈ ఒక్క రోడ్డు చాలు.

ఆ బీళ్ళ దగ్గర దిగి మట్టి చేతిలోకి తీసుకోండి. ఎండాకాలమైతే పైన పిండి చల్లినట్టు తెల్లటి పొర, దాని కింద రాయిలాంటి పెళ్ళ. నాలుక మీద పెట్టుకొంటే ఉప్పు. పుట్టుకతో ఇది ఇట్లాంటి నేల కాదు. "పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఈ కయ్యలోనే నాట్లేసినాం నాయనా. ఇక్కడే కుప్పేసినాం. ఇప్పుడు గొడ్డు నోరు పెట్టేదానికి గూడా ఏమీ లేవదు" అని ఒక పెద్దామె మాతో అన్నది. కయ్య ఆమెది కాదు, ఎన్నడూ కాదు. కాని ఆమె పనిదినాలు ఆ కయ్యలో వుండేవి. భూమి గలాయన నెల్లూరులో వుంటాడు. కౌలుకు తీసుకొని గుంట కొట్టించినాయన వరసగా రెండు పంటలు తెగులుకు పోగానే వేరేచోటికి పోయాడు. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు.

భూసారం అనగానే అది రైతుల వ్యవహారం, వ్యవసాయశాఖ వ్యవహారం అనుకోవడం మన కూలిసంఘాల్లో అలవాటయింది. ఈ విషయంలో మా తప్పు మేము ఒప్పుకోవాలి. గుంట తవ్వకానికి ఎంత కూలి, కాపలాకు ఎంత జీతం అని అడిగాం. అడగవలసిందే. ఈ గుంట ఎత్తేసిననాడు ఈ నేలను ఎవరు బాగుచేస్తారని మాత్రం అడగలేదు. పెన్నకు ఆవలి గట్టున అలగానిపాడులో 1930లలో పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్యవసాయ కూలీలను కూడగట్టినప్పుడు పోరాటం కూలి కోసం, మనిషిగా గౌరవం కోసం. కయ్యలుంటాయా పోతాయా అన్న అనుమానం ఆనాడు ఎవరికీ లేదు. ఇవాళ ఆ అనుమానమే ముందుకొచ్చి నిలబడింది. నేల చచ్చినచోట కూలిరేటు గురించి బేరమాడేదానికి పనే వుండదు.

ముందు వరి సంగతి చూద్దాం. సముద్రానికి దగ్గరి నేలల్లో అడుగున ఎప్పుడూ ఎంతోకొంత ఉప్పు వుంటుంది. కయ్యలో మూడు నాలుగు నెలలు మంచినీరు నిలబెట్టి, అదనపు నీటిని మురుగుకాల్వలోకి వదులుతూ వుంటే ఆ ఉప్పు కిందికి దిగుతుంది, కొంత కొట్టుకుపోతుంది. అంటే ఈ తీరంలో వరికయ్య తిండిగింజలతో పాటు ఉప్పును అణచిపెట్టే పని కూడా చేస్తున్నది. నీరు ఆగి నేల బీడుపడితే కథ తిరగబడుతుంది. పైతేమ ఎండకు ఆరుతున్నకొద్దీ అడుగుతేమ పైకి లేస్తుంది, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన మిగిలిపోతుంది. అందుకనే కాల్వ చివరి భూములకు నీరందని ఏడాది నష్టం ఆ ఒక్క పంటతో తీరదు.

సోమశిల కట్టారు. 2022 సెప్టెంబరులో సంగం దగ్గర, నెల్లూరు దగ్గర కొత్త బ్యారేజీలు ప్రారంభించారు. మంచిదే. కాని పైనుంచి నీరు తెచ్చే కాల్వ గురించి సభల్లో మాట్లాడినంతగా, కిందికి ఉప్పు తీసుకుపోయే మురుగుకాల్వ గురించి ఏ నాయకుడూ మాట్లాడడు. గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకొని పూడిపోయిన మురుగుకాల్వ పక్కన ఎంత మంచి నేలైనా నెమ్మదిగా ఊటెక్కుతుంది. "నీళ్ళు రావు, మురుగు పోదు, ఇంక పండేదిలేదు, గుంటకిచ్చేద్దాం" అని చిన్నరైతు చేతులెత్తేసేది ఇక్కడే. రొయ్య కయ్యలోకి నడిచొచ్చిన దారి ఆ పూడిన మురుగుకాల్వే.

వరిని మేము వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోనక్కరలేదు. వరి మీద వరి, యూరియా మీద యూరియా వేసుకుంటూ పోయిన నేలలు కూడా నీరసించాయి. జీలుగో జనుమో పిల్లిపెసరో చల్లి, పూతకొచ్చే వేళకు కలియదున్నే అలవాటు తగ్గింది. గొర్రెలమంద కట్టించడం తగ్గింది. ఇంటిముందు పశువు లేదు గనుక దిబ్బలో ఎరువు లేదు. ఎన్నో కయ్యల్లో జింకు లోపించి ఆకు తుప్పు పట్టినట్టు కనిపిస్తున్నది. ఏడాదికి ఒక్క కారు మొలగొలుకులు పండిన నేలకు పెట్టిన మేత, రెండుకార్లు పొట్టి రకాలు పండే నేలకు సరిపోతుందా? కాని ఈ నీరసం తిరిగి తేరుకొనే నీరసం. రెండు మూడేళ్ళు పచ్చిరొట్ట దున్ని, పశువుల ఎరువు తోలితే నేల లేస్తుంది.

కాల్వ దాటితే ఇసుకనేల. ఇసుక ఉప్పును ఎక్కువకాలం పట్టివుంచదు, ఎరువునూ పట్టివుంచదు. ఇక్కడి ఆస్తి అంతా అడుగునున్న మంచినీటి పొర. వానకు ఇంకిన తీయటినీరు కింది ఉప్పునీటి మీద తేలుతూ వుంటుంది. మన తీరంలో పెద్దలు దొరువులు తవ్వి, ఆ పైనీటిని కడవలతో మోసి నారుమళ్ళకూ కూరగాయలకూ పోసింది అందుకనే. నీటిమట్టం ఒక అడుగు దిగితే అడుగునుంచి ఉప్పునీరు నలభై అడుగుల మేరకు పైకి జరుగుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. కడవతో ముంచినంత కాలం ఆ లెక్క ఎవరికీ అవసరం రాలేదు. లోతు బోరు దించి మోటారు పెట్టి రాత్రింబవళ్ళు గుంజేవాళ్ళు వచ్చాక అవసరం వచ్చింది. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద పరిశోధన చేసేవారు పాత దొరువునే మెరుగుపరచి, లోతుకు పోకుండా అడ్డంగా చిల్లులగొట్టాలు పరచి పైపొర నీటిని మాత్రమే తీసే పద్ధతి చూపించారు. చదువురాని మన తాతలు సరిగ్గానే పట్టుకొన్నారన్నమాట.

ఈ ఇసుకల్లో వేరుశనగ వేస్తే వేరుబుడిపెలు నేలకు కొంత నత్రజని సమకూరుస్తాయి. సరుగుడు కూడా అంతే, వేర్ల మీది బుడిపెల్లోని సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. రాలిన ఆకు ఇసుక మీద పొరకడుతుంది, గాలికి దిబ్బలు కదలవు, తుపాను గాలి కొంత విరుగుతుంది. నేలవరకు చూస్తే మంచి చెట్టే. మరి కూలివరకు? నాటేటప్పుడు నాలుగు రోజులు, కొట్టేటప్పుడు నాలుగు రోజులు పని. మధ్యలో నాలుగైదేళ్ళు ఆ తోటలో మనిషి అలికిడి వుండదు, ఆ తరువాత కర్ర కాగితపు మిల్లుకు పోతుంది. నేలకు మేలుచేసే పంట కూలికి మేలు చేయాలని ఎక్కడా రాసిలేదు. సముద్రపుగట్టు పోరంబోకులో సరుగుడు పెంచి ఊరికి నీడా పుల్లా మిగిలిస్తే మేము కాదనం. పల్లీ, కూరగాయలు పండే నేలను దూరాన కూర్చున్న ఆసామి, కూలిబాధ తప్పుతుందని సరుగుడుకు పెడితే మాత్రం సంతోషించేదేముంది?

ఇక గుంటలు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు వుంటుంది. మట్టితేమలో లీటరుకు రెండు గ్రాముల ప్రాంతం దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. గుంటలో నింపేది సముద్రమంత ఘాటు కాకపోవచ్చు, అందులో సగమో పాతికవంతో వుండొచ్చు. అయినా వరి ఓర్చుకొనేదానికి అది ఎన్నో రెట్లు. అది నెలల తరబడి, పంట తరువాత పంటగా, ఏళ్ళ తరబడి నేలమీద నిలబడి వుంటుంది. కిందికి దిగుతుంది, పక్కకు ఊరుతుంది. గట్టు ఇవతల కయ్య ఎవరిదైనా సరే, ఊటకు ఆ తేడా తెలియదు. పక్కవాడు గుంట కొట్టాడని వరి పండక తనూ గుంటకిచ్చిన చిన్నరైతులు ఎందరో వున్నారు. ఇష్టపడి ఇచ్చారని కాగితంలో వుంటుంది.

బంకనేలలో లోపల జరిగేది ఇంకా చెడ్డది. మట్టికణాలను గుల్లగా పట్టివుంచేది కాల్షియం. ఉప్పులోని సోడియం వచ్చి దాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. ఆ తరువాత ఆ మట్టి తడిస్తే జిగురు, ఆరితే రాయి. నీరింకదు, గాలాడదు, వేరు దిగదు. పైన ఉప్పు మాత్రమే చేరినదాన్ని పాలచౌడు అంటారు, మంచినీరు నిలబెట్టి మురుగు తీస్తే కడుక్కుపోతుంది. సోడియం పట్టినదాన్ని కారుచౌడు అంటారు. జిప్సం వేసి సోడియాన్ని విడిపించకుండా దాన్ని ఎంత కడిగినా లాభంలేదు, అసలు నీరే లోపలికి పోదు. జిప్సంకు డబ్బు కావాలి, మంచినీరు కావాలి, మురుగు పోయే దారి కావాలి. ఎకరం గల దళితరైతు ఇవన్నీ ఎక్కడనుంచి తెస్తాడు? ఇక గుంట అడుగున పేరుకొన్న బురదను "బలమైన ఎరువు, తోలుకోండి" అని చెప్పేవాళ్ళున్నారు. బలం వుండొచ్చు, దానితోపాటు ఉప్పూ వుంది. పరీక్ష చేయించకుండా ఒక్క బండి కూడా కయ్యలోకి రానివ్వొద్దు.

సముద్రం పొంగినా ఇంతేగదా అని వాదించేవారికి ఒకమాట. 2004 డిసెంబరు 26 సునామీకి తమిళనాడు నాగపట్నం జిల్లాలో వేల ఎకరాల పంటభూమి ఉప్పునీట మునిగింది. వానలకు కడిగి, జిప్సం వేసి, జీలుగ దున్ని చాలా నేలలను ఒకటి రెండేళ్ళలో తిరిగి సాగులోకి తెచ్చారు. సముద్రం వచ్చింది, పోయింది. గుంట వచ్చి కూర్చుంటుంది. ఇంకో తేడా కూడా వుంది. సునామీ తరువాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు ఖర్చు పెట్టాయి. గుంట తరువాత ఖర్చు పెట్టేదెవరు?

ఈ ప్రశ్నకు ఒకనాడు జవాబు దొరికినట్టే దొరికి జారిపోయింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్యకు నెల్లూరు తీరం పేరుమోసింది. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి గుంటలకు గుంటలే ఖాళీ అయ్యాయి. అదే కాలంలో తమిళనాడుకు చెందిన ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయన సర్వోదయవాది. మన దారి వేరు, ఆయన దారి వేరు. అయినా ఆ పని మనం చేసివుండాల్సింది, ఆయన చేశారు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పంటభూములు, ఉప్పుమళ్ళు, మడ అడవులు, ఊరుమ్మడి భూములను రొయ్యలగుంటలుగా మార్చగూడదని చెప్పింది. తీరనియంత్రణ మండలంలోని గుంటలను 1997 మార్చి 31 లోగా తీసేయమన్నది. చెడిపోయిన పర్యావరణాన్ని బాగుచేసే ఖర్చు చెడగొట్టినవారే పెట్టుకోవాలన్నది. ఆంధ్ర, తమిళనాడులలో రొయ్యల ఆదాయం కంటే వాటివల్ల జరిగిన నష్టమే ఎక్కువని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదిక కోర్టు ముందు వుంది. మన కూలీల్లో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: మూతపడే గుంటల్లో ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికులకు చట్టప్రకారం వచ్చే పరిహారం గాక అదనంగా ఆరేళ్ళ వేతనం ఇవ్వాలని కూడా ఆ తీర్పులో వుంది.

ఎవరికందింది ఆ ఆరేళ్ళ వేతనం? పునఃపరిశీలన పిటిషన్లు పడ్డాయి, అమలు ఆగింది, చివరకు 2005లో కేంద్రం కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి తీరనియంత్రణ నిషేధంనుంచి రొయ్యలసాగును తప్పించింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. ఆ తరువాత వదిలేసిన పాతగుంటల్లో మళ్ళీ నీళ్ళు నిండాయి, కొత్తగా కయ్యలూ తవ్వారు. రిజిస్ట్రేషన్ లేకుండా గుంటలు నడిపితే మూడేళ్ళ దాకా జైలు అని 2005 చట్టంలో వుండేది. 2023లో చట్టాన్ని సవరించి ఆ జైలుశిక్షను కూడా తీసేశారు, జరిమానా మిగిల్చారు. పది రూపాయల కట్టెలు కొట్టుకొన్న గిరిజనుడికి జైలు వుంది, ఊరి నీళ్ళను ఉప్పుచేసినవాడికి రశీదు.

రొయ్యలవల్ల ఉపాధి పెరిగిందని అంటారు. హేచరీలు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యలు ఒలిచే షెడ్లు వచ్చిన మాట నిజమే. అక్కడ పనిచేసే ఆడపిల్లల గంటలు, జీతాల గురించి వేరే రాయాలి. కాని గుంట మీద లెక్క వేరు. ఎకరం వరినాటుకు పదిపన్నెండుమంది ఆడవాళ్ళు కావాలి. తరువాత కలుపు, కోత, నూర్పిడి. కోతమిషన్లు వచ్చి అందులో సగం పని ఎగరగొట్టాయి, అది కూడా దాచనక్కరలేదు. అయినా మిగిలిన సగం ఆడవాళ్ళ చేతుల్లో వుంది. గుంట దగ్గర కావలసింది ఒకరిద్దరు మగ కాపలాదార్లు. చాలాచోట్ల వాళ్ళనూ దూరంనుంచి తెస్తారు, ఊళ్ళో సంఘం వాసన తగలకుండా. కయ్యల్లో గడ్డి పోయింది గనుక బర్రె పోయింది, బర్రె పోతే పాలడబ్బు పోయింది. బోరునీళ్ళు ఉప్పయితే బిందె తీసుకొని నడిచేది మళ్ళీ ఆ ఆడమనిషే.

రెండెకరాల గుంట వేసుకొన్న చిన్నరైతు మనకు శత్రువు కాడు. అతను మేత డీలరుకు, పిల్ల అమ్మినవాడికి, సరుకు కొనే ఏజెంటుకు ముందే తాకట్టుపడి వున్నాడు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మొదట ధర తగ్గింది ఎవరికి? గట్టుమీది రైతుకు. ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి ఇక్కడ గుంట ఎండితే, దాని అడుగున మిగిలే చౌడు మాత్రం మైపాడు చుట్టుపక్కల ఊళ్ళదే. కార్మికుణ్ణీ నేలనూ కలిపి పిండుకోవడం పెట్టుబడిదారీ వ్యవసాయపు తీరని మార్క్స్ 1867లో రాశాడు. ఆయన రొయ్యలగుంట చూసివుండడు.

ఇది మన ఒక్క తీరపు కష్టం కాదు. బంగ్లాదేశ్‌లోని ఖుల్నా జిల్లాలో, చుట్టూ కరకట్ట వున్న 22వ నంబరు పోల్డరులోకి రొయ్యలసాగు తెచ్చేందుకు ఒక ఆసామి మనుషులు వచ్చినప్పుడు భూమిలేని పేదలు అడ్డం నిలిచారు. 1990 నవంబరు 7న ఆ ఊరేగింపు ముందు నడిచిన కరుణామయి సర్దార్‌ను చంపేశారు. ఆమెకు కూడా సొంతభూమి లేదు. ఆ పోల్డరులో ఉప్పునీటి రొయ్యను జనం రానివ్వలేదు, అక్కడ వరీ కూరగాయలూ పండించుకొంటున్నారు.

మనం చేయవలసినవి చేతిలో వున్నవే. రొయ్యలగుంటలకు పంటభూములను వాడగూడదని 2005 చట్టం కింద వచ్చిన మార్గదర్శకాల్లోనే వుంది. 500 దాటిన జనాభా గల ఊరికి 300 మీటర్లు, అంతకు తక్కువైతే 100 మీటర్లు, తాగునీటి వనరుకు 100 మీటర్లు ఎడం వుండాలని, పొలాలకూ గుంటలకూ మధ్య ఖాళీనేల వదలాలని ఆ కాగితాలే చెబుతున్నాయి. టేపు పట్టుకొని కొలిచేందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. కొలిచి రాసి, గ్రామసభలో చదివి, జిల్లా కమిటీకి అధ్యక్షుడైన కలెక్టరుకు ఇవ్వండి. పేదలకు పట్టాలిచ్చిన డి.కె.టి. భూములు కౌలు పేరుతో గుంటలైపోయిన చోట 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టాన్ని అడ్డం పెట్టండి. గుంటకు అనుమతి ఇచ్చేముందే నేలను బాగుచేసేందుకయ్యే ఖర్చును డిపాజిట్టుగా కట్టించుకోవాలని, గుంట వదిలేసిననాడు ఆ డబ్బుతో స్థానిక కూలీలకే పనిచ్చి గట్లు చదునుచేయించి జిప్సం, జీలుగ వేయించాలని మేము అడుగుతున్నాం. మురుగుకాల్వల పూడికతీత మొదటి పనిగా పెట్టాలని అడుగుతున్నాం.

వీటన్నిటికీ ముందు మన దగ్గర లెక్క వుండాలి. ప్రతి కయ్యకూ భూసార పరీక్ష కార్డు ఇస్తామని కేంద్రం 2015లో పథకం పెట్టింది. ఆ కార్డుమీద పన్నెండు అంకెలుంటాయి, మనకు ముందు కావలసినవి రెండు, ఇ.సి., పి.హెచ్. మొదటిది ఉప్పు ఎంతో చెబుతుంది. రెండోది 8.5 దాటితే కారుచౌడు అనుమానించాలి. ఒక జాగ్రత్త చెప్పాలి. పుస్తకాల్లో ఇ.సి. 4 దాటితే చౌడు అని వుంటుంది, అది మట్టిని ముద్దచేసి తీసిన రసంలో కొలిచిన అంకె. కార్డులకోసం మామూలుగా ఎక్కువ నీళ్ళు కలిపి కొలుస్తారు గనుక అంకె తక్కువగా కనిపిస్తుంది. దాన్ని ఆ 4తో పోల్చి "మాకు చౌడు లేదు" అని మోసపోవద్దు. గుంటకు దూరంగా వున్న కయ్య అంకెతో పోల్చండి, నిరుటి అంకెతో పోల్చండి.

కాల్వకు నీరు వదలకముందే, నేల పొడిగా వున్నప్పుడే మట్టి తీయాలి. గట్టుపక్కన, ఎరువు కుప్పపోసిన చోట, చెట్టునీడలో తీయొద్దు. వి ఆకారంలో ఆరంగుళాల గుంత తీసి, దాని గోడనుంచి పైనుంచి కిందిదాకా ఒక పలక మందాన మట్టి గీకాలి. ఎకరానికి ఎనిమిది పదిచోట్ల అట్లా తీసి గోతంపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగల్చాలి. గుంటగట్టుకు పది అడుగుల్లో ఒకటి, వంద అడుగుల్లో ఒకటి, ఊరికి ఇవతల ఒకటి, ఇట్లా మూడు సంచులు. వాటితో పాటు ఊళ్ళో తాగే బోరునీళ్ళు ఒక సీసా, దొరువు నీళ్ళు ఒక సీసా. సంచిలోపల కాగితం మీద సర్వే నంబరు, తేదీ పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది.